కమ్మీ లేని డోము చూడ్డానికి నాలుగు రోజులు

చాలా రోజులైంది రాసి. పనిలో ఊపిరి సలపలేదు, దానికి తోడు చలి. సౌదీ అంటే ఎండే అనుకుంటారు దమ్మామ్, రియాద్ వాళ్ళు. మా ఖమీస్ ముషైత్ రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంది. జనవరిలో తెల్లారగట్ల ట్యాంకు నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. హీటరు చుట్టూ కూర్చుని నలుగురం మాట్లాడుకున్న మాటలే ఈ పోస్టు.

నవ్వుకునేవాళ్ళు ముందే నవ్వేసుకోండి. మేము రోము పోదామనుకుంటున్నాం. ఇటలీ రాజధాని రోమే. పనికి కాదు, ఏజెంటు పంపితే కాదు. చూసి రావడానికి. నాలుగు రాత్రులుండి మళ్ళీ డ్యూటీకి వచ్చెయ్యడానికి.

మేము అంటే ఒక గదిలో నలుగురం. పేర్లు రాయడం లేదు, ఎందుకో కింద చెప్తాం. ఒకరు జగిత్యాల అన్న, స్టీలు ఫోర్మన్, యాభై దాటాయి, వచ్చి 24 ఏళ్ళు. ఒకరు రాయచోటి భాయ్, షట్టరింగ్ మేస్త్రీ. ఒకడు పాలకొల్లు తమ్ముడు, స్టోరు చూస్తాడు, మాలో చిన్నవాడు. నాలుగో మనిషి అమలాపురం వైపు, సైటు సూపర్‌వైజరు, ఈ రాత పని అతని మీద పడింది. మా నలుగురి సర్వీసు కలిపితే అరవై ఏళ్ళు దాటుతుంది. ఈ అరవై ఏళ్ళలో మేము ఎక్కిన విమానాలన్నీ రెండే దారులు. ఇంటి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి ఇంటికి. మధ్యలో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో దిగినా బయటి గాలి తగల్లేదు, కుర్చీల్లో పడుకుని లేచాం.

ఇది ఎలా మొదలైందంటే, ఒక తిట్టుతో.

పోయిన ఏడాది ఊరి బయట మసీదు పని చేశాం. దానికి తొమ్మిది మీటర్ల డోము. రెండు వరసల జాలీ కట్టాడు జగిత్యాల అన్న, కవర్ బ్లాకుల దగ్గర్నుంచి అన్నీ చూసుకున్నాడు. పంపుతో పోశాం. ఆ మధ్యాహ్నం గాలి లేచింది. ఇక్కడి గాలి సంగతి తెలుసుగా, ఎండ లేకపోయినా తడి పీల్చేస్తుంది. గోనెపట్టాలు కప్పడం రెండు గంటలు ఆలస్యమైంది, తప్పు మాదే. మర్నాడు చూస్తే డోము మీద సన్నని పగుళ్ళు, సాలెగూడులా. మా ముహందిస్ ఈజిప్టు మనిషి, మంచివాడే, కోపం ఎక్కువ. అందరి ముందూ ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. "ఇది రోములో ఉంది. 1,900 ఏళ్ళ కింద పోశారు. లోపల ఒక్క కమ్మీ లేదు. 43 మీటర్లు. మీది తొమ్మిది మీటర్లు, టన్నుల కొద్దీ ఇనుము. ఒక్క రాత్రికే పగిలింది."

ఆ మాట జగిత్యాల అన్నకి గట్టిగా తగిలింది. రాత్రి అన్నం దగ్గర అడిగాడు. "ఇనుము లేకుండ నలభై మూడు మీటర్లు నిలవడతదా? అబద్ధం చెప్పిండు. నిలవడ్డదంటే మల్ల నేను ఇరవై నాలుగేండ్లు ఏం జేసినట్టు?"

అక్కడ మొదలైంది వెతకడం. దాని పేరు పాంథియన్. హాడ్రియన్ అనే రాజు కాలంలో, 125 ప్రాంతంలో పూర్తయింది. డోము అడ్డం కొలత 43.3 మీటర్లు, నేల నుంచి పైదాకా ఎత్తు కూడా అంతే. అంటే లోపల ఒక పెద్ద బంతి సరిగ్గా పడుతుంది. కమ్మీ లేని కాంక్రీటు డోముల్లో ప్రపంచంలో ఈరోజుకీ అదే పెద్దది. నడినెత్తిన ఎనిమిది, తొమ్మిది మీటర్ల కంత వదిలేశారు, మూత లేదు, అద్దం లేదు. వాన పడితే లోపల పడుతుంది. నేలని మధ్యలో కొంచెం ఉబ్బుగా చేసి, రాళ్ళకి చిల్లులు పెట్టి, నీళ్ళు కిందికి పోయే ఏర్పాటు చేశారు. మనం బాత్రూముకి స్లోపు సరిగ్గా ఇవ్వలేక మూడుసార్లు తవ్విస్తాం కదా. వాళ్ళు అప్పట్లోనే ఇచ్చారు.

ఇక అసలు కిటుకు మా అమ్మాయి చెప్పింది. కాకినాడలో పాలిటెక్నిక్ సివిల్ చదువుతోంది. ఫోనులో అడిగితే గంట సేపు చెప్పింది. మేము స్పీకర్ పెట్టుకుని నలుగురం విన్నాం. కింద మందం ఆరు మీటర్లు, పైన కంత దగ్గరికి వచ్చేసరికి 1.2 మీటర్లేనట. మందం ఒక్కటే కాదు, కంకర కూడా మార్చుకుంటూ పోయారు. కింద బరువైన రాయి, ఇటుక ముక్కలు. పైకి పోయేకొద్దీ తేలిక రాయి. చిట్టచివర నీళ్ళ మీద తేలే రాయి ఉంటుంది కదా, అగ్నిపర్వతం నుంచి వచ్చేది, అది వేశారు. లోపలి వైపు ఐదు వరసల్లో, వరసకి 28 చొప్పున గళ్ళు తవ్వినట్టు పోశారు. అందం కోసం అనుకుంటాం, దానితో బరువు కూడా తగ్గుతుంది. సిమెంటు లేదు, సున్నమూ అగ్నిపర్వతం బూడిదా. ఆ సున్నం గడ్డలు కాంక్రీటులో అలాగే ఉండిపోయి, పగులు వచ్చి నీళ్ళు దిగినప్పుడు కరిగి ఆ పగుల్ని పూడుస్తాయని 2023లో అమెరికాలో పరిశోధన చేసినవాళ్ళు రాశారట.

రాయచోటి భాయ్ వెంటనే అందుకున్నాడు. "అదంతా సరేమ్మా, దానికి సెంట్రింగ్ ఎట్ల కొట్నారు? నలభై మూడు మీటర్ల ఎత్తుకు కట్టె యాడ తెచ్చినారు? ఆ వడ్రంగిది పేరైనా ఉందా?" అమ్మాయి నవ్వింది. "పేరు లేదు మావయ్యా" అంది. భాయ్ చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు ముహందిస్ దగ్గరికి పోయి ఇవన్నీ చెప్పాం. ఆయన కోపం ఎప్పుడో పోయింది. ఇంకో సంగతి ఆయనే చెప్పాడు, గర్వంగా. పాంథియన్ ముందు వసారాలో 16 రాతి స్తంభాలున్నాయి. ఒక్కొక్కటి పన్నెండు మీటర్లు, ఏకరాయి. ఈజిప్టు కొండల్లో చెక్కి, నైలు నదిలో దింపి, సముద్రం దాటించి తీసుకెళ్ళినవి. "మా వాళ్ళు మోసినవే" అన్నాడు. అంటే అప్పుడూ మనలాంటివాళ్ళే. ఆ మాట విన్నాకే పోదాం అనే ఆలోచన వచ్చింది. ఎవరు ముందు అన్నారో గుర్తులేదు. అన్న మాత్రం కాదు.

ఇక లెక్కలు. మీలో చాలామందికి కావాల్సింది ఇదే కాబట్టి తెలిసినంత రాస్తున్నాం.

ముందు ఖురూజ్ ఔదా. సింగిల్ ఎగ్జిట్ రీఎంట్రీ రెండు నెలల వరకు 200 రియాల్. 2021 మార్చి నుంచి కంపెనీల్లో పనిచేసేవాళ్ళం అబ్షిర్‌లో మనమే తీసుకోవచ్చు. ఇంటి డ్రైవర్లకి, ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఆ మార్పు వర్తించదు, వాళ్ళు కఫీల్‌ని అడగాల్సిందే. మనమే తీసుకోవచ్చు కదా అని ముదీర్‌కి చెప్పకుండా పోవద్దు. సెలవు కాగితం వేరు, ఇది వేరు. సెలవు మంజూరు కాకుండా పోతే పని మానేసిన కింద రాస్తారు, అప్పుడు మొదటికే మోసం.

తర్వాత షెంగెన్ వీసా. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. యూరో నాలుగు రియాల్ దాటింది కాబట్టి దగ్గర దగ్గర 390 రియాల్. పైన సెంటరు వాళ్ళ చార్జీ. 30,000 యూరోలకి తగ్గకుండా ప్రయాణ ఇన్సూరెన్సు. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. రానూపోనూ టికెట్టు, గది బుకింగు, జీతం పత్రం మీద చాంబర్ ఆఫ్ కామర్స్ ముద్ర, బ్యాంకు స్టేట్‌మెంటు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందు లోపు పెట్టాలి. ఆఖరి నిమిషంలో పెట్టి ఏడవొద్దు. వేలిముద్రలు ఇవ్వడానికి మేము జెద్దా పోవాలి, ఖమీస్ నుంచి రాత్రంతా బస్సు.

జెద్దా నుంచి రోముకి నేరుగా పోతే సుమారు ఐదు గంటలు. అక్కడ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి నేరుగా రైలు 14 యూరోలు. పాంథియన్ లోపలికి 2023 జులై దాకా ఉచితం, ఇప్పుడు 5 యూరోలు. నెల మొదటి ఆదివారం టికెట్టు ఉండదు, మా తేదీలకి అది కుదరలేదు. కొలోసియం 18. తాగే నీళ్ళు కొనక్కర్లేదు, వీధుల్లో ఇనుప పంపులు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, అందరూ సీసాలు పట్టుకుంటారు. అన్నీ కలిపి మనిషికి 4,500 రియాల్ తేలింది. మన డబ్బులో లక్ష దాటింది. మాలో ఎక్కువ జీతం వచ్చే మనిషికి కూడా ఇది నెల జీతం కంటే ఎక్కువ.

ఈ అంకె రాసిన కాగితం హీటరు పక్కన రెండు రోజులు అలాగే పడుంది. ఎవ్వరూ ముట్టుకోలేదు.

మా ఆవిడకి చెప్పడం ఇంకో పెద్ద పని. ముందు నవ్వింది, తమాషా అనుకుని. తర్వాత అర్థమయ్యాక అడిగింది. "ఏవండీ, పెళ్ళయ్యి ఇరవై ఏళ్ళు. తిరుపతి తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళలేదు నన్ను. మీకు రోము కావాల్సొచ్చిందా?" జవాబు లేదు మా దగ్గర. ఫోను పెట్టేశాం. ఏడాదికి ముప్ఫై రోజుల సెలవు. పండగ సెలవులు నాలుగు పోగా మూడు రోజులు అందులోంచి తియ్యాలి. ఆ మూడు రోజులూ ఎవరివో ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు. రెండు రోజుల తర్వాత ఆవిడే చేసింది. "వెళ్ళండి. కానీ వచ్చే సెలవులో నన్ను కాశీ తీసుకెళ్ళాలి, మా అమ్మని కూడా. ఇంకోటి, ఫొటోలు మాత్రం ఎక్కడా పెట్టకండి. రోము తిరిగొచ్చాడంట అని ఊళ్ళో అందరూ అప్పులకి వస్తారు." పేర్లు ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైందనుకుంటాం.

రాయచోటి భాయ్ ఇంట్లో గొడవ లేదు. ఆయనకి అక్కడ ఇంకో పని కూడా దొరికింది. రోములో పెద్ద మసీదుంది. సౌదీ రాజు ఫైసల్ డబ్బిచ్చాడు, 1995లో తెరిచారు. లోపల స్తంభాలు చెట్లు కొమ్మలు చాపినట్టు ఉంటాయి, ఫొటోల్లో చూశాడు. "ఆ షట్టరింగ్ కొట్టినోడు మా అన్న లెక్క" అంటాడు. ఒక పూట నమాజు అక్కడే చెయ్యాలని రాసుకున్నాడు.

పాలకొల్లు తమ్ముడికి వాటికన్. మన తెలుగువాడు, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారిని 2022 ఆగస్టులో అక్కడే కార్డినల్ చేశారు. 2025 మే నెలలో కొత్త పోపు గారిని ఎన్నుకున్నప్పుడు ఓటు వేసినవాళ్ళలో ఆయనా ఉన్నారు. ఆ రాత్రి పొగ కోసం తమ్ముడు ఫోను పట్టుకుని కూర్చున్నాడు, తెల్లపొగ రాగానే మమ్మల్నందర్నీ లేపాడు. అందుకని అందరికంటే వాడికే ఎక్కువ ఆశ అనుకున్నాం. పెద్ద చర్చి లోపలికి టికెట్టు లేదు, డోము ఎక్కాలంటే 551 మెట్లు, అవన్నీ వాడే రాశాడు పుస్తకంలో.

వాడి ఆశ ఇంకోటని డిసెంబర్ ఆఖర్లో తెలిసింది.

ఒక రాత్రి లైటు ఆపాక చీకట్లో అడిగాడు. "అన్నయ్యా, వెళ్ళాక తిరిగి రాకపోతే ఏమవుద్ది?" ఎవరం పలకలేదు. వాడే చెప్పాడు. ఊళ్ళో ఎవరో ఏజెంటు, వీసా మీరు తెచ్చుకోండి, దిగాక పొలం పని మేం చూపిస్తాం, మూడు లక్షలివ్వండి అన్నాడట. తమ్ముడికి చెల్లెలి పెళ్ళి అప్పు ఉంది. ఇక్కడ 1,800 రియాల్ జీతం. అక్కడ గంటకి ఇన్ని యూరోలు అని ఏజెంటు లెక్క కట్టి పంపాడు, వాడు ఆ లెక్క మాకు ఫోనులో చూపించాడు.

ఆ రాత్రి బాగా అరుచుకున్నాం. మాకు కోపం ఎందుకంటే, వీసా ఇచ్చేవాళ్ళ అనుమానమే అది. ఇఖామాలో మా నలుగురిదీ పని పేరు కూలీ అనో, తాపీ అనో ఉంటుంది. సూపర్‌వైజరుదీ అంతే, కంపెనీ మార్చలేదు. కూలీ అని రాసున్న మనిషి ఊరు చూడ్డానికి వస్తున్నానంటే నమ్మరు, ఉండిపోతాడు అనుకుంటారు. మేము కాదని నిరూపించడానికి ఇన్ని కాగితాలు పోగేస్తుంటే మా గదిలోనే ఒకడు అవునంటున్నాడు. ఒకే కంపెనీ, ఒకే తేదీ, ఒకే బుకింగు. వాడు ఉండిపోతే మా పేర్లు కూడా దాని పక్కనే ఉంటాయి. జగిత్యాల అన్న మాత్రం అరవలేదు. "అప్పు ఎంత రా?" అని ఒక్కటే అడిగాడు.

మర్నాడు శుక్రవారం. తమ్ముడిని కూర్చోబెట్టి సత్నామ్ సింగ్ సంగతి చెప్పాం. పంజాబీ కుర్రాడు, 31 ఏళ్ళు, రోముకి దక్షిణాన లాతీనా దగ్గర పొలాల్లో కాగితాలు లేకుండా పని చేసేవాడు. 2024 జూన్‌లో యంత్రంలో పడి చెయ్యి తెగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు. రెండు రోజులకి చనిపోయాడు. ఇటలీ అంతా ఊరేగింపులు తీశారు, ప్రధానమంత్రి మాట్లాడారు. అవన్నీ తర్వాత. కాగితాలున్న మనకే దెబ్బ తగిలితే ఆసుపత్రి దగ్గర ఎన్ని ప్రశ్నలో అందరం చూశాం. కాగితాలు లేకుండా ఉంటే ఎవరికి ఫోను చేస్తావు రా అన్నాం.

వాడు విన్నాడు. ఏడ్చాడు కూడా. మేము అనుకున్నాం, సరే, ఇక వాడు కూడా మాతో వచ్చి తిరిగొస్తాడు అని. నాలుగు రోజుల తర్వాత వాడే వచ్చి, "నా పేరు తీసెయ్యండి అన్నయ్యా" అన్నాడు. ఎందుకురా, నమ్ముతున్నాం కదా అంటే, "మీరు నమ్ముతారు. అక్కడ దిగాక నన్ను నేను నమ్మను" అన్నాడు. దాని మీద మళ్ళీ ఎవరం ఏమీ అనలేదు. వాడి పుస్తకం మాకిచ్చాడు, మెట్ల లెక్కతో సహా. వాటికన్‌లో వాళ్ళమ్మ కోసం ఒక జపమాల కొనమన్నాడు, యాభై రియాల్ కాగితం కూడా ఇచ్చాడు. తీసుకోకపోతే బాధపడతాడని తీసుకున్నాం.

ఇక ముగ్గురం. ముగ్గురిలో అసలు చిక్కు జగిత్యాల అన్నతో. అన్న ఖురూజ్ నిహాయీ కొట్టించుకుంటున్నాడు, జులై ఆఖరుకి ఇఖామా అయిపోతుంది, కంపెనీ మళ్ళీ కట్టదు. తిరిగొచ్చాక ఇఖామా ఇంకో మూడు నెలలైనా ఉండాలని మాకిచ్చిన జాబితాలో ఉంది. కాబట్టి రంజాన్ పండగ సెలవులే ఆఖరి అవకాశం. ఊరికి వెళ్ళిపోయాక జీతం పత్రం ఎవరిస్తారు? వరి పొలం పాస్‌బుక్కు పట్టుకుని హైదరాబాద్‌లో వీసా అడగాలి. ఆయన అడగడు, మాకు తెలుసు.

అన్న మొదట్నుంచీ వద్దనే అన్నాడు. "గా పైసలు వెడితే ఊళ్ళె బోరు పడ్తది. డోము జూసి నేనేం జేస్త?" మేము బతిమాలడం మానేశాం. ఎవరి డబ్బు వాళ్ళది, చెప్పడానికి మేమెవరం. కానీ రాత్రిపూట మా అమ్మాయికి వాయిస్ మెసేజీలు పెడుతున్నది ఆయనే. గోడల్లో ఇటుక కమాన్లు ఎందుకు పెట్టిండ్రు బిడ్డా, డోము కింద భాగానికి బయటికి తన్నే బలం ఉంటది గద, దానికేం జేసిండ్రు, అని. పనివాడు అడిగే ప్రశ్నలు అవి. అమ్మాయి వాళ్ళ లెక్చరర్‌ని అడిగి మరీ జవాబులు పెట్టేది.

జనవరి రెండో శుక్రవారం, టూరిస్టులుగా ఉండటం ఎలాగో ట్రయల్ చూద్దామని నలుగురం కారు మాట్లాడుకుని రిజాల్ అల్మా పోయాం. అబహా దాటాక అల్ సౌదా కొండ దిగాలి, మబ్బులు రోడ్డు మీదే ఉన్నాయి, కోతులు వరసగా కూర్చుని చూస్తున్నాయి. కొండ వాలులో రాతి మేడలు, కొన్ని ఐదారు అంతస్తులు. కిటికీల చుట్టూ తెల్ల రాళ్ళు ముగ్గు పెట్టినట్టు. పదేళ్ళుగా పక్కనే ఉన్నాం, ఒక్కసారి రాలేదు. మా ఖమీస్, అబహా వైపు పాత మట్టి ఇళ్ళకి గోడల నిండా పలకరాళ్ళు వరసలుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, చూసే ఉంటారు. వాన నీళ్ళు మట్టిగోడ మీద జారకుండా దూరంగా పడటానికవి. దారిలో ఒక ఇంటి దగ్గర కారాపించి అన్న ఆ పలకల కింద చెయ్యి పెట్టి చూశాడు. ఆ ముందురోజే వాన పడింది. గోడ పొడిగా ఉంది.

కొండ మీద ఒక కాఫీ కొట్టులో కూర్చున్నాం. కాఫీ 16 రియాల్. ఉతికిన బట్టలే వేసుకున్నాం, తమ్ముడు సెంటు కూడా కొట్టాడు. అక్కడి కుర్రాడు మర్యాదగానే వచ్చి ఏ కంపెనీ, పని ఎక్కడ చెయ్యాలి అని అడిగాడు. ఎవరో ప్లంబింగు వాళ్ళ కోసం చూస్తున్నాడు పాపం. పని కాదు, కాఫీ తాగడానికొచ్చాం అని చెప్పాం. కుర్రాడు సారీ చెప్పి నీళ్ళ సీసాలు ఊరికే ఇచ్చాడు. మేము నవ్వేశాం. కారులో మాత్రం చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఘాట్ రోడ్డు సగం ఎక్కాక అన్న అన్నాడు. "జెద్దాకు ఎప్పుడు వోవాలె వేలిముద్రలకు?"

అలా తేలింది. కానీ వేలిముద్రలే ఇప్పుడు సమస్య. ఇరవై నాలుగేళ్ళు బైండింగ్ వైరు తిప్పిన వేళ్ళు, సిమెంటు తిన్న వేళ్ళు. గీతలు లేవు. సిమ్ కార్డు షాపులో మిషను తీసుకోదు, బ్యాంకులో తీసుకోదు, ప్రతిసారీ నాలుగైదుసార్లు తుడిచి పెట్టాలి. షెంగెన్‌కి పది వేళ్ళూ కావాలి. ముద్రలు తియ్యడం అసలే కుదరనివాళ్ళకి మినహాయింపు ఉందని రాసుంది, కానీ కౌంటరు దగ్గర అది చెప్పి ఒప్పించే ఇంగ్లీషు మా దగ్గర లేదు. 2025 అక్టోబరు నుంచి ఐరోపాలో దిగే చోట కూడా ముద్రకి బదులు వేళ్ళూ ఫొటో తీసుకోవడం మొదలుపెట్టారు. అక్కడా ఇదే తంటా.

మీలో తాపీ పని, స్టీలు పని చేసేవాళ్ళు ఎవరైనా బయోమెట్రిక్‌కి పోవాల్సి ఉంటే వినండి. వారం ముందు నుంచి సిమెంటు ముట్టొద్దు. వట్టి చేతులతో స్టీలు పట్టొద్దు. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పెట్టి, తుడిచి, కొబ్బరినూనెగానీ గ్లిజరిన్‌గానీ రాసి గుడ్డ చుట్టుకుని పడుకోవాలి. ముద్ర ఇచ్చే రోజు మాత్రం నూనె ఉండకూడదు, సబ్బుతో కడుక్కుని బాగా ఆరాలి. ఇది మాకు ఇంతకుముందు ఇలాగే ఇబ్బంది పడ్డ నేపాలీ మేస్త్రీ ఒకాయన చెప్పాడు.

అన్న చేత ఆదివారం నుంచి స్టీలు ముట్టనివ్వడం లేదు. కుర్చీ వేసుకుని కూర్చుని కుర్రాళ్ళకి చెప్తున్నాడు, కుర్రాళ్ళు నవ్వుతున్నారు, షేక్ అయిపోయావ్ అన్నా అని. రాత్రి నూనె రాసేది పాలకొల్లు తమ్ముడు. ఒక్కో వేలూ పట్టుకుని, చంటిపిల్లలకి రాసినట్టు రాస్తాడు. ఆ గుడ్డలు కూడా వాడి పాత బనీను చింపినవే. అన్న ఫోనుకి వేలిముద్ర తాళం ఉంది, కొన్నప్పటి నుంచి ఒక్కసారి తెరుచుకోలేదు, అంకెలే కొట్టుకుంటాడు. రోజూ పొద్దున్నే లేవగానే నలుగురం చుట్టూ చేరి బొటనవేలు పెట్టిస్తున్నాం. ఈరోజు ఐదో రోజు. మూడోసారికి తెరుచుకుంది. భాయ్ ఎంత గట్టిగా అరిచాడంటే పక్క గది బెంగాలీలు వచ్చి ఏమైందని అడిగారు.

వచ్చే గురువారం రాత్రి జెద్దా బస్సు. కాగితాలన్నీ మూడు కవర్లలో సర్దాం. జీతం పత్రంలో ఒకరి పాస్‌పోర్టు నంబరు ఒక అంకె తప్పు పడింది, శనివారం మార్పించాలి. వీసా వస్తుందో రాదో చెప్పలేం, వస్తే ఎలా వచ్చింది, రాకపోతే ఏమని రాశారు, రెండూ రాస్తాం.

రోములో టెర్మినీ స్టేషను దగ్గర ముగ్గురికి శుభ్రంగా, చౌకగా ఉండే గది ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వంట చేసుకునే వీలుంటే ఇంకా మంచిది. ఎలక్ట్రిక్ కుక్కరు పట్టుకెళ్ళొచ్చా లేదా అన్నదాని మీద భాయ్‌కీ అన్నకీ ఇంకా తెగలేదు.